మూడు నెలలు పై అంతస్తు మూసేసి చూశాం: చిన్న ఇంటికి మారిన నా అనుభవం

మేము చిన్న ఇంటికి మారి 14 నెలలైంది. ఇప్పటికీ తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు ఫోన్ చేసి "మీరెలా తేల్చుకున్నారండీ, మాకూ అదే ఆలోచన, కానీ ధైర్యం చాలడం లేదు" అంటూనే ఉన్నారు. ఫోన్లో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద హాలు, వంటగది, ఒక పడగ్గది, పైన మూడు పడగ్గదులు, అన్నీ కలిపి సుమారు 2,400 చదరపు అడుగులు. అందులో 26 ఏళ్ళు ఉన్నాం. పిల్లలిద్దరూ ఉద్యోగాలొచ్చి, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఎనిమిదేళ్ళుగా ఇద్దరమే. అప్పటికి నాకు 60, ఆయనకు 65. మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక ఆయన మేడెక్కడం బాగా తగ్గించేశారు, నేను తుడవడానికి వెళ్తే తప్ప పైన ఏం జరుగుతోందో మాకు తెలిసేది కాదు. ఒకసారి పైన బాత్రూంలో గోడ లోపల పైపు కారి, కింద హాలు సీలింగు మీద చెయ్యంత మరక కనబడితే గానీ విషయం బయటపడలేదు. ప్లంబరు వచ్చి గోడ పగలగొట్టిన ఆ రాత్రి ఆయన మొదటిసారి అన్నారు, "మనకిది పెద్దదైపోయింది" అని. నాకు చాలా కోపం వచ్చింది. ఇల్లు ఎప్పుడూ అంతే ఉంది కదా, పెద్దదైపోవడమేంటి అన్నాను. ఆ మాట మళ్ళీ ఆరు నెలల దాకా మా మధ్య రాలేదు.

మళ్ళీ ఎత్తింది నేనే. నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం మీదున్నప్పుడు, పై గదులు తుడవలేదే అని దిగులు పడుతూ పడుకున్నాను. ఎవరూ లేని గదుల కోసం ఎందుకింత దిగులు అని నాకే అనిపించింది. ఆయన లెక్కల మనిషి, వాదన పెట్టుకోకుండా మెట్ల దగ్గర ఒక నోటుబుక్కు, పెన్ను వేలాడదీశారు. పైకి వెళ్ళిన ప్రతిసారీ ఎందుకు వెళ్ళామో ఒక ముక్క రాయాలి, అంతే. 30 రోజుల్లో ఇద్దరం కలిపి 41 సార్లు వెళ్ళాం. అందులో 36 సార్లు తుడవడానికి, కిటికీలు వేయడానికి, తీయడానికి, ట్యాంకు చూడడానికి. రెండుసార్లు ఏదో వస్తువు కోసం. కాసేపు కూర్చోవడానికి వెళ్ళింది మూడంటే మూడుసార్లు, ఆ మూడూ నేనే, మా అమ్మాయి గదిలో. తర్వాత ఆయన పాత క్యాలెండర్లు తీసి చుట్టాలు, పిల్లలు వచ్చి పడుకున్న రాత్రులు కూడా లెక్కేశారు. ముందటి ఏడాది మొత్తం మీద 19 రాత్రులు. ఆ 19 నా మనసులో చాలా రోజులు ఉండిపోయింది.

అయినా వెంటనే ఇల్లు అమ్మేయాలనిపించలేదు. అమ్మేశాక పొరపాటయిందనిపిస్తే వెనక్కి తెచ్చుకోలేం. మారితే ఎలా ఉంటుందో మారకుండానే తెలుసుకునే దారి ఏదైనా ఉందా అని ఆలోచించి, మూడు నెలలు పై అంతస్తు మూసేశాం. ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే ఇదే చెప్తాను, ఇల్లు చూడడం మొదలుపెట్టకముందే ఇది చేయండి. పైకి వెళ్ళే పైపు వాల్వు కట్టేశాం, మెట్ల మొదట్లో ఒక కుర్చీ అడ్డం పెట్టాం. పైనుంచి ఏదైనా కావాలంటే తెచ్చుకోవచ్చు, కానీ తెచ్చింది కిందే ఉండిపోవాలి, పుస్తకంలో రాయాలి. మూడు నెలల్లో తెచ్చుకున్నవి 27 వస్తువులు. చలికి రెండు దుప్పట్లు, కుట్టు మిషను, ఆయన పనిముట్ల పెట్టె, ఒక స్టూలు, కొన్ని పుస్తకాలు, ఇలాంటివే. పైన మూడు గదుల నిండా, అటకల నిండా ఉన్న సామానులో మాకు కావలసి వచ్చింది అంతే. ఒకే అంతస్తున్న ఇంటికి ఈ పద్ధతి కుదరదనుకోనక్కర్లేదు, రెండు గదులకు తాళం వేసేసినా సరిపోతుంది.

కానీ మూడో వారంలో నేను అనుకోనిది మొదలైంది. మాకు కీచులాటలు వచ్చాయి. ఆయనకు పొద్దున్నే వార్తలు గట్టిగా పెట్టుకుని వినడం అలవాటు, ఫోన్లో కూడా గొంతు పెంచి మాట్లాడతారు. నాకు ఆ టైములో నిశ్శబ్దంగా కుట్టుకోవాలని ఉంటుంది. ఇదివరకు నేను పైన తుడుస్తుంటే ఆయన కింద ఉండేవారు, పని పేరుతో మాకు తెలియకుండానే రోజులో రెండు మూడు గంటలు విడివిడిగా గడిపేవాళ్ళం. ఇప్పుడు రోజంతా ఒకరి ఎదుట ఒకరం. ఒకరోజు చిన్న మాటకు ఆయన బయటికి వెళ్ళి రెండు గంటలు తిరిగి రాలేదు. ఆ రాత్రి మాట్లాడుకున్నాక తేలిందేమిటంటే, ఒక్క పడగ్గది ఇల్లయితే మాకు కుదరదు. ఇద్దరికీ చెరొక తలుపు ఉండాలి, అవసరమైనప్పుడు వేసుకోగలగాలి. అప్పటిదాకా మేము "వెయ్యి చదరపు అడుగులు సరిపోతాయా, ఎనిమిది వందలు సరిపోతాయా" అని చదరపు అడుగులే మాట్లాడుకుంటున్నాం. ఆ తర్వాత ఏ ఇల్లు చూసినా ముందు తలుపులు లెక్కపెట్టుకున్నాను. మూడు నెలల ప్రయోగం చేయకపోతే కచ్చితంగా ఒక పడగ్గది, పెద్ద హాలు ఉన్న ఇల్లు కొనేసేవాళ్ళం, అలాంటి ఇల్లొకటి అప్పటికే నాకు బాగా నచ్చేసింది కూడా.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మారడానికి అయ్యే ఒక్కసారి ఖర్చులన్నీ ఒక పక్క రాశాం: అమ్మడానికి, కొనడానికి అయ్యే పన్నులు, ఫీజులు, బ్రోకరు కమిషను, సామాను తరలింపు, కొత్త ఇంట్లో మరమ్మతులు, రంగులు. ఇంకోపక్క నెలకు ఎంత మిగులుతుందో రాశాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్ని నెలలకు ఖర్చు తిరిగొస్తుందో తెలుస్తుంది. మాకు మొదట 38 నెలలొచ్చింది. తర్వాత అపార్టుమెంటుకు నెలనెలా కట్టాల్సిన నిర్వహణ ఖర్చు కలపడం మర్చిపోయామని తెలిసి, కలిపితే 52 నెలలైంది. నాలుగేళ్ళ పైమాటే. డబ్బు మిగులుతుందనే ఒక్క కారణంతో మారేవాళ్ళు ఈ లెక్క రెండుసార్లు చేసుకోవాలి, ఎన్నేళ్ళు అక్కడ ఉండదలచుకున్నారో దానితో పోల్చుకోవాలి. అమ్మకం మీద పన్ను ఎంతవుతుందో తెలిసినవాళ్ళను బయానా తీసుకోకముందే అడగాలి. పై అంతస్తు అద్దెకిచ్చి కింద ఉండిపోదామనీ చూశాం కానీ మా మెట్లు హాల్లోంచే వెళ్తాయి, బయటినుంచి కొత్తగా మెట్లు కట్టాలి. ఆ ఆలోచన అక్కడే ఆగింది.

అసలు కష్టం పిల్లలకు చెప్పడం దగ్గర అనుకున్నాను. అబ్బాయి ఒక్క నిమిషంలో "మంచి పని నాన్నా" అనేశాడు. అమ్మాయి మాత్రం కాసేపు మాట్లాడలేదు. నేనే అన్నాను, నీ గది పోతుందని బాధగా ఉందామ్మా అని. అది చెప్పిన మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను, రాస్తున్నాను. "అమ్మా, ఆ గది నా కోసమని నాకెప్పుడూ అనిపించలేదు. నేను వచ్చినప్పుడల్లా నువ్వు పైకీ కిందికీ తిరుగుతూ దుప్పట్లు మారుస్తూ ఉంటావు, నాతో కూర్చోవు." ఫోను పెట్టేశాక చాలా ఏడ్చాను. ఎనిమిదేళ్ళు పక్కలు వేసి ఉంచితే వాళ్ళు ఎప్పుడైనా వచ్చేస్తారని నాకొక ధైర్యంలా ఉండేది, ఆ ధైర్యం కోసమే రోజూ తుడిచాను. ఆ మాట విన్నాక నాకు ఇల్లు వదలడం తేలికయిందని చెప్పను, కానీ ఎందుకు వదల్లేకపోతున్నానో తెలిసింది.

ఇల్లు వెతకడానికి ఏడు నెలలు పట్టింది. ప్రకటనలో రాసే చదరపు అడుగుల్లో గోడల మందం, మెట్లలో, లిఫ్టులో మన వాటా కూడా కలిసి ఉండొచ్చు, అందుకని గోడ నుంచి గోడకు లోపలి కొలత మేమే టేపు పెట్టి తీసుకునేవాళ్ళం. ఇంకో రెండు కొలతలు కూడా చూశాం. తలుపు తీశాక నికరంగా 32 అంగుళాల దారి ఉందా, బాత్రూంలోనో గదిలోనో 5 అడుగుల వ్యాసంతో ఖాళీ జాగా ఉందా అని. చక్రాల కుర్చీ లోపలికి వెళ్ళడానికి, తిరగడానికి కావలసిన కొలతలివి. ఆయనకు ఇది అస్సలు నచ్చలేదు, నన్నప్పుడే కుర్చీలో కూర్చోబెట్టేస్తున్నావా అన్నారు. నేను మెత్తబడలేదు. ఈ వయసులో ఇల్లు మారడమే ఒక పెద్ద పని, పదేళ్ళ తర్వాత ఒక బాత్రూం తలుపు కోసం మళ్ళీ మారే ఓపిక మాకుండదు. చివరికి దొరికింది మూడో అంతస్తులో, లిఫ్టుతో, రెండు పడగ్గదులు, లోపలి కొలత 1,020 చదరపు అడుగులు. కొనేముందు ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి రాత్రి పది తర్వాత వెళ్ళి కూర్చున్నాం, వెలుతురు, చప్పుడు ఎలా ఉన్నాయో చూడడానికి.

కొత్త ఇంట్లో ఏం పడుతుందో తెలియడానికి పాత ఇంటి హాల్లో నేలమీద రంగు టేపుతో కొత్త పడగ్గది గీశాం, 10 అడుగులు 11 అడుగులు. మా పాత మంచం 6 అడుగుల వెడల్పు. 10 అడుగుల గోడకు తలవైపు ఆనించి పెడితే అటూ ఇటూ రెండేసి అడుగులే మిగిలాయి, రాత్రిపూట ఆయన కాలు చాపి లేవడానికి చాలడం లేదు. 5 అడుగుల మంచమైతే రెండున్నర అడుగులు వస్తుంది. పొడవు వైపు చూస్తే మంచం ఆరున్నర, ఎదుటి గోడకు బీరువా లోతు 2 అడుగులు, మధ్యలో మిగిలేది రెండున్నర. అందులో బీరువా తలుపు బయటికి తెరిస్తే నిలబడడానికి చోటుండదు, పక్కకు జరిగే తలుపులు కావాలి. ఇదంతా టేపు గీతల మధ్య అట్టపెట్టెలు పెట్టి నడిచి చూశాకే తెలిసింది. కాగితం మీద గీసిన ప్లానులో అన్నీ చక్కగా పట్టేశాయి మరి.

ఇంత కొలిచినా ఒక పొరపాటు జరిగింది. పాత టేకు అల్మరా ఒకటి తీసుకెళ్దామనుకున్నాం, గది కొలిచాం, తలుపు కొలిచాం. లిఫ్టులో పట్టదని తెలుసు, మెట్లమీంచి తెస్తామని కూలీలు చెప్పారు. మొదటి మలుపు దగ్గరే అది తిరగలేదు. విడదీయడానికి వీల్లేకుండా చేసిన అల్మరా అది. రెండు గంటలు ప్రయత్నించి, గోడకు గీతలు పడి, చివరికి అక్కడి నుంచి అక్కడికే ఇచ్చేశాం. పెద్ద సామాను తెచ్చేవాళ్ళు దారి మొత్తం, మలుపులతో సహా కొలుచుకోండి.

సామాను తగ్గించడం గురించి నేను చెప్పగలిగింది చాలా ఉంది. దీనికి ఐదు నెలలు పెట్టుకున్నాం, అయినా చివరి వారం టెన్షన్ తప్పలేదు. సోఫా సెట్టు అమ్మబోతే ఎవరడిగిన ధర విన్నా నాకు అవమానంగా ఉండేది. అప్పుడు అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనేవాళ్ళు 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి అమ్మమన్నారట, మిగిలినవాళ్ళను కొనమన్నారట. కప్పు చేతికొచ్చి కాసేపే అయినా, అమ్మేవాళ్ళు అడిగిన ధర కొనేవాళ్ళు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉందట. కాసేపు చేతిలో ఉన్న కప్పుకే అలా ఉంటే, పాతికేళ్ళు కూర్చున్న సోఫాకు నా మనసులో ఎంత ధర ఉంటుందో అర్థమైంది. తర్వాతి రోజు వచ్చినవాళ్ళకు వాళ్ళడిగిన ధరకే ఇచ్చేశాను.

పిల్లలకు ఏం కావాలో మనకు తెలుసనుకోవడం కూడా తప్పేనని తెలిసింది. అమ్మాయి కోసమని పెద్ద భోజనాల బల్ల ఏళ్ళ తరబడి పాలిష్ పెట్టించి ఉంచాను. వాళ్ళింట్లో దానికి చోటే లేదు. వీడియో కాల్లో గది గది చూపిస్తూ ఉంటే అది అడిగింది గుండీల డబ్బా. చిన్నప్పుడు నేను మిషను కుడుతుంటే పక్కన కూర్చుని ఆ గుండీలు రంగుల వారీగా వేరుచేసేదట, నాకు గుర్తే లేదు. అబ్బాయి వాళ్ళ నాన్న రసమట్టం అడిగాడు. అంతే, ఇంకేమీ వద్దన్నారు. ముందే అడిగి ఉంటే ఆ బల్ల గురించి అన్నేళ్ళు ఆలోచించేదాన్ని కాదు.

ఫోటోలు సుమారు మూడు వేలు. వాటిని మాత్రం తొందరపడి తగ్గించలేదు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన స్కాన్ చేశాం. 4 అంగుళాలు 6 అంగుళాల ఫోటో ఆ లెక్కన 2,400, 3,600 పిక్సెళ్ళతో వస్తుంది, పెద్దగా ప్రింటు వేయించుకున్నా బాగుంటుంది. కాపీలు రెండు డిస్కుల్లో, ఒకటి మా దగ్గర, ఒకటి అబ్బాయి దగ్గర. అసలు ఫోటోల్లో మూడొందలు ఉంచుకున్నాం, వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో రాశాను, బాల్ పెన్ను అయితే ముందువైపుకు అచ్చు పడుతుంది. వీడియో క్యాసెట్లున్నవాళ్ళు ఆలస్యం చేయకండి. ఆ టేపులు వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతాయి, ప్లేయర్లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. మా ఆరు క్యాసెట్లలో ఒకటి బూజు పట్టి పోయింది, అందులో మా అత్తగారి గొంతు ఉండేది. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

పుస్తకాలు ఘనపుటడుగుకు సుమారు 20 కిలోల బరువుంటాయి, చిన్న పెట్టెల్లోనే సర్దండి. మా పెద్ద పెట్టె ఒకటి అడుగు ఊడిపోయింది.

మారిన మొదటి రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. తప్పు చేశామేమోనని చీకట్లో ఆయన అన్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని, చప్పుళ్ళకు మెలకువగా ఉంటుందని అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో గమనించారు. అది నాకు తర్వాత తెలిసింది, ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి అంత భయపడేదాన్ని కాదు. ఎవరైనా మొదటి వారంలో ఉన్న మనసును బట్టి ఏదీ తేల్చుకోవద్దు. మాకు రెండు నెలలకు చేతులు వాటంతటవే స్విచ్చుల మీదికి వెళ్ళడం మొదలైంది. ఇప్పుడు ఇల్లు తుడవడం 40 నిమిషాల్లో అయిపోతుంది. పొద్దున ఆయన గదిలో వార్తలు, నా గదిలో మిషను, మధ్యలో రెండు తలుపులు.

పోగొట్టుకున్నవి లేవని చెప్పను. పాత ఇంటి మేడమీద సాయంత్రం గాలి ఇక్కడ లేదు. ఇంకొకటి, 19 రాత్రులే కదా అని నేల మీద వేసుకునే పరుపులన్నీ ఇచ్చేశాను, అది నా తప్పే. మొదటిసారి సెలవులకు పిల్లలు, మనవలు కలిసి ఒక్కసారే వచ్చినప్పుడు పడుకోవడానికి చోటు చాలక అబ్బాయి వాళ్ళు హోటల్లో గది తీసుకున్నారు. పగలంతా మాతోనే ఉన్నారు, రాత్రి పదికి మనవడు నిద్రకళ్ళతో చెప్పులు వేసుకుని వెళ్తుంటే చూడలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది. వచ్చే ఏడాది అందరం కలిసి వారం రోజులు ఎక్కడైనా పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుందామని అబ్బాయి అంటున్నాడు, చూడాలి.

తర్వాత మడత పరుపు ఒకటి కొన్నాను, 4 అంగుళాల మందం, మడిచి నా గదిలో తలుపు వెనక పెడితే సరిపోతుంది. పోయిన నెల అమ్మాయి ఒక్కతే వచ్చి మూడు రోజులుంది. మంచం మీద పడుకోవే అంటే వినలేదు, నా మంచం పక్కనే నేల మీద పరుపు పరుచుకుంది. లైటు తీసేశాక మాటలు మొదలుపెడితే, ఆయన పక్క గదిలోంచి టైమెంతయిందో చూసుకోండని కేకేసే దాకా మాకు తెలియలేదు. ఒంటిగంట దాటింది.